పాత చెరువుకు కొత్త తూములు

తెలుగు నేలలో వ్యవసాయానికి చెరువు ప్రాణాధారం. కాకతీయుల కాలంలో నిర్మించిన పాకాల, రామప్ప చెరువులు శతాబ్దాలు గడిచినా పొలాలకు నీరందిస్తూనే ఉన్నాయి. ఇన్నేళ్లలో రాజ్యాలు మారాయి, పంటలు మారాయి, చెరువు కింద కొత్త పొలాలు సాగులోకి వచ్చాయి. కొత్త పొలానికి నీరు కావలసి వచ్చినప్పుడు వివేకం గల రైతు చెరువు కట్టను తెగగొట్టడు. కట్టలో తగినచోట తూము అమర్చి, కాలువ తవ్వి, కావలసినంత నీటిని మాత్రమే తెచ్చుకుంటాడు. కట్ట పదిలంగా ఉంటుంది, కొత్త పొలమూ పండుతుంది.

కంప్యూటర్ల ప్రపంచంలో కూడా ఇటువంటి పాత చెరువులు ఉన్నాయి. బ్యాంకులలో, బీమా సంస్థలలో, రైల్వేలలో, ప్రభుత్వ కార్యాలయాలలో దశాబ్దాల క్రితం రాసిన సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాములు కోట్లాది ప్రజల లెక్కలను భద్రపరుస్తూ వచ్చాయి. ఈనాటి యువకుడు చేతిలోని ఫోను ద్వారా క్షణాలలో డబ్బు పంపుతున్నాడంటే, టికెట్టు కొంటున్నాడంటే, ఆ ఫోను వెనుక ఎక్కడో అటువంటి పాత వ్యవస్థ ఒకటి పనిచేస్తూ ఉండవచ్చు. ఆ పాతదానిని కూల్చకుండా కొత్త అవసరాలకు అనుసంధానించే పద్ధతులలో ముఖ్యమైనది 'సేవల ఆధారిత నిర్మాణం'.

వారసత్వ అనువర్తనాలు

ఒక సంస్థ చాలాకాలం క్రితం తయారుచేసుకొని, నేటికీ తన దైనందిన వ్యాపారానికి ఆధారంగా వాడుకుంటున్న ప్రోగ్రాములను 'వారసత్వ అనువర్తనాలు' అంటారు. వ్యాపార లెక్కల కోసం రూపొందిన కోబాల్ భాష 1959లో పుట్టింది. ఐబిఎం సంస్థ 1964లో 'సిస్టమ్ 360' అనే కంప్యూటర్ల శ్రేణిని ప్రకటించింది. ఆ తరువాతి కాలంలో పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు తమ ఖాతా పుస్తకాలను క్రమంగా ఇటువంటి పెద్ద కంప్యూటర్లకు అప్పగించాయి. యంత్రాలు మారినా, వాటి కోసం రాసిన ప్రోగ్రాములు చాలాచోట్ల తరం నుంచి తరానికి సంక్రమించాయి.

ఈ చరిత్రలో తెలుగువారికి కూడా భాగముంది. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని సూచించడానికి చివరి 2 అంకెలు మాత్రమే రాసేవారు. 2000 సంవత్సరం రాగానే యంత్రాలు దానిని 1900గా భ్రమపడే ప్రమాదం ఏర్పడింది. దీనినే 'వైటుకె' సమస్య అన్నారు. 1990లలో ఆ ప్రోగ్రాములను సరిదిద్దడానికి ప్రపంచవ్యాప్తంగా నిపుణులు అవసరమయ్యారు. అప్పుడు హైదరాబాదులోని అమీర్‌పేట వంటి చోట్ల శిక్షణ పొందిన ఎందరో తెలుగు యువకులు కోబాల్ నేర్చి విదేశాలకు వెళ్లారు. తాము పుట్టకముందే ఎవరో రాసిన ప్రోగ్రాములను వరుస వరుసగా చదివి, తప్పులు దిద్దడం వారి వృత్తి అయింది.

పాతదానిని విడిచిపెట్టడం ఎందుకు కష్టం?

పాతది పనికిరాదనుకుంటే దానిని తీసివేసి కొత్తది పెట్టుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజంగా కలుగుతుంది. అయితే పాత ప్రోగ్రాములో ఉన్నవి సూచనలు మాత్రమే కావు. ఆ సంస్థ అనేక సంవత్సరాలుగా నేర్చుకున్న అనుభవం అంతా అందులో నిక్షిప్తమై ఉంటుంది. వడ్డీని ఏ రోజు నుంచి లెక్కించాలి, సెలవునాడు గడువు తీరితే ఏమి చేయాలి, ఖాతాదారు మరణిస్తే డబ్బు ఎవరికి చెందాలి వంటి వందలాది నియమాలు అందులో ఇమిడి ఉంటాయి. వాటిని రాసినవారు ఉద్యోగ విరమణ చేసి ఉంటారు. వివరించే పత్రాలు దొరకకపోవచ్చు. అప్పుడు ఆ నియమాలకు ప్రోగ్రామే ఏకైక సాక్ష్యంగా మిగులుతుంది.

తొందరపడి మార్చితే కలిగే నష్టానికి బ్రిటన్‌లోని టిఎస్‌బి బ్యాంకు అనుభవం ఒక నిదర్శనం. 2018 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు తన ఖాతాదారుల వివరాలన్నింటినీ పాత వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకు ఒక్కసారిగా తరలించింది. వివరాలు చేరాయి గాని, కొత్త వ్యవస్థ సక్రమంగా పనిచేయలేదు. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలను చూసుకోలేని పరిస్థితి ఏర్పడింది. జీతాలు, అద్దెలు, చెల్లింపులు చిక్కుల్లో పడ్డాయి. 2022 డిసెంబరులో అక్కడి నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4 కోట్ల 86 లక్షల పౌండ్లకు పైగా జరిమానా విధించాయి.

అలాగని పాతదానిని ఉన్నది ఉన్నట్లు వదిలివేయడమూ క్షేమం కాదు. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు అమెరికాలో అసంఖ్యాకులు ఉద్యోగాలు కోల్పోయి నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు. న్యూజెర్సీ రాష్ట్రంలోని పాత కంప్యూటర్లు ఆ తాకిడికి తట్టుకోలేకపోయాయి. కోబాల్ తెలిసిన వారు సహాయానికి రావాలని ఆ రాష్ట్ర గవర్నరు ఏప్రిల్ నెలలో బహిరంగంగా కోరవలసి వచ్చింది. పాతదానిని ఒక్కసారిగా పెకలించినా, పట్టించుకోకుండా వదిలినా కష్టపడేది సామాన్యుడే. ఈ రెండింటికీ మధ్య ఒక సురక్షితమైన మార్గం కావాలి.

సేవ అంటే ఏమిటి?

ఆ మార్గమే సేవల ఆధారిత నిర్మాణం. ఈ భావనను గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థకు చెందిన విశ్లేషకులు 1996లో వివరించారు. ఒక పెద్ద ప్రోగ్రాము చేసే పనులను విడివిడి సేవలుగా గుర్తించి, ఒక్కొక్క సేవను నిర్ణీతమైన పద్ధతిలో ఎవరైనా అడిగి పొందగలిగేటట్లు ఏర్పాటు చేయడం దీనిలోని సారాంశం.

తపాలా కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. మనియార్డరు పంపదలచినవాడు నిర్ణీత పత్రాన్ని నింపి, డబ్బు చెల్లించి, రసీదు తీసుకునేవాడు. ఆ డబ్బు ఏ రైలులో వెళుతుందో, ఏ పుస్తకంలో నమోదవుతుందో అతనికి తెలియనవసరం లేదు. లోపలి ఏర్పాట్లు మారినా కిటికీ దగ్గరి పత్రం మారనంత వరకు అతనికి ఇబ్బంది ఉండదు. కంప్యూటర్ల మధ్య కూడా ఇటువంటి ఒడంబడిక ఉంటుంది. ఏ వివరాలు ఇవ్వాలి, ఏ సమాధానం వస్తుంది, పొరపాటు జరిగితే ఏమని తెలుపుతుంది అనే మూడు విషయాలను అది స్పష్టంగా చెబుతుంది. దీనినే 'సేవా ఒప్పందం' అనవచ్చు.

సేవకు పేరు పెట్టేటప్పుడు వ్యాపార దృష్టి ఉండాలి. 'ఫలానా ఫైలులోని పద్నాలుగో గడిని మార్చు' అనేది సేవ కాదు. 'ఈ ప్రయాణికునికి బెర్తు కేటాయించు', 'ఈ ఖాతాలోని నిల్వ తెలుపు' అనేవి సేవలు. మొదటి విధంగా అడిగితే అడిగినవాడు లోపలి రహస్యాలకు బందీ అవుతాడు. రెండవ విధంగా అడిగితే లోపలి యంత్రాన్ని ఎప్పుడైనా మార్చుకునే స్వేచ్ఛ మిగులుతుంది.

దుబాసీ పాత్ర

పాత ప్రోగ్రాముకు కొత్త ప్రోగ్రాముల భాష తెలియదు. అది తనకు అలవాటైన తెర మీద, నిర్ణీత వరుసలో, నిర్ణీత పొడవులో అక్షరాలు వస్తేనే అర్థం చేసుకుంటుంది. పూర్వం మచిలీపట్నం, చెన్నపట్నం రేవులలో విదేశీ వర్తకులకు, స్థానికులకు మధ్య దుబాసీలు ఉండేవారు. రెండు భాషలు తెలిసిన దుబాసీ వల్ల ఎవరి భాషలో వారు మాట్లాడుకుంటూనే వ్యాపారం సాగించేవారు. పాత ప్రోగ్రాముకు ముందు నిలిచి ఇదే పని చేసే చిన్న ప్రోగ్రామును 'అడాప్టర్' అంటారు. అది కొత్త పద్ధతిలో వచ్చిన కోరికను పాత పద్ధతిలోకి మార్చి లోపలికి పంపుతుంది. వచ్చిన జవాబును తిరిగి కొత్త పద్ధతిలోకి మార్చి అందిస్తుంది. పాత ప్రోగ్రాములో అక్షరం కూడా మార్చనవసరం లేకపోవచ్చు.

దుబాసీలకు కూడా ఉమ్మడి భాష ఒకటి ఉండాలి. 1998లో ప్రమాణంగా వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. అటువంటి భాష. ఇది ప్రతి వివరానికి పేరు తగిలించి పంపే పద్ధతి. దీని ఆధారంగా 2000 సంవత్సరం ప్రాంతంలో 'సోప్' వంటి సందేశ నియమాలు ప్రచారంలోకి వచ్చాయి. తరువాతి కాలంలో ఇంకా తేలికైన జెసాన్ పద్ధతి ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. భాష మారినా సూత్రం మారలేదు.

ఉమ్మడి మార్గం వల్ల కలిగే లాభాన్ని చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక సంస్థలో 10 ప్రోగ్రాములు ఉండి, ప్రతి ఒక్కటి మిగిలిన వాటితో నేరుగా మాట్లాడవలసి వస్తే వాటి మధ్య 45 బంధాలు ఏర్పడతాయి. ఒక్క ప్రోగ్రాము మారితే దానితో ముడిపడిన 9 బంధాలను సరిచూడాలి. అన్నింటికీ ఉమ్మడిగా ఒక సందేశ మార్గం ఉంటే 10 బంధాలు చాలు. ఈ ఉమ్మడి మార్గాన్ని 'సర్వీస్ బస్' అని వ్యవహరిస్తారు. అయితే అన్ని నియమాలను ఆ మార్గంలోనే కుప్పవేస్తే అదే మరొక మోయలేని భారమవుతుంది. మార్గం మార్గంగానే ఉండాలి, నియమాలు సేవలలో ఉండాలి.

రైల్వే రిజర్వేషన్ నేర్పిన పాఠం

భారతీయ రైల్వేల కథ ఈ విషయాన్ని చక్కగా విశదపరుస్తుంది. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటరు ద్వారా రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. 1986లో రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, అంటే క్రిస్ సంస్థ, ఏర్పడింది. క్రమంగా ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు నగరాలు ఐదు ప్రధాన రిజర్వేషన్ కేంద్రాలయ్యాయి. ప్రతి కేంద్రం తన పరిధిలోని రైళ్ల బెర్తుల లెక్కను చూసుకునేది. ఒక కేంద్రానికి మరొక కేంద్రం లెక్క తెలిసేది కాదు.

ఈ దూరాన్ని తొలగించడానికి క్రిస్ 'కన్సర్ట్' అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. 1990ల మధ్యకాలంలో అది మొదట సికింద్రాబాదులో అమలులోకి వచ్చింది. 1999 నాటికి ఐదు కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిశాయి. ఆ ఐదింటిని ఒకే యంత్రంలో కుమ్మరించలేదు. ఏ రైలు లెక్క ఆ కేంద్రం దగ్గరే ఉంది. సికింద్రాబాదులోని గుమాస్తా ముంబయి పరిధిలోని బెర్తును అడిగితే ఆ కోరిక ముంబయికి వెళ్లి, జవాబు తిరిగి వస్తుంది. ఎవరి లెక్కకు వారే బాధ్యులుగా ఉంటూ ఇతరులకు సేవ అందించడం ఇందులోని విశేషం. పి.ఎన్.ఆర్. సంఖ్య మొదటి అంకెలు ఏ కేంద్రానికి సంబంధించినవో సూచించడం ఈ ఏర్పాటుకు గుర్తు.

2002 ఆగస్టులో ఐఆర్‌సిటిసి సంస్థ అంతర్జాలం ద్వారా టికెట్ల విక్రయం ప్రారంభించింది. మొదట్లో కొన్న టికెట్టు కాగితం రూపంలో ఇంటికి చేరేది. 2005లో ఇ-టికెట్టు వచ్చింది. కొత్త ద్వారం తెరిచినంత మాత్రాన బెర్తుల కోసం మరొక లెక్క పుస్తకం తెరవలేదు. అలా తెరిచి ఉంటే ఒకే బెర్తును కౌంటరులో ఒకరికి, అంతర్జాలంలో మరొకరికి ఇచ్చే ప్రమాదం ఉండేది. అందువల్ల వెబ్‌సైటు ప్రయాణికుని కోరికను స్వీకరించి పాత రిజర్వేషన్ వ్యవస్థనే అడిగింది. సత్యం ఒకేచోట ఉండి, ద్వారాలు అనేకం కావడమే ఈ అనుసంధానం రహస్యం.

అయితే ద్వారాలు పెరిగితే రద్దీ కూడా పెరుగుతుంది. కౌంటర్ల దగ్గర వరుస ఉంటుంది కనుక కోరికలు ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి. తత్కాల్ సమయంలో అంతర్జాలంలో లక్షల మంది ఒక్క క్షణంలో తలుపు తడతారు. కౌంటర్లను దృష్టిలో ఉంచుకొని నిర్మించిన వ్యవస్థ మీద ఆ భారమంతా ఒకేసారి పడకూడదు. అందుకు ముందు నిలిచిన కొత్త పొర కొన్ని జాగ్రత్తలు పాటించాలి. రైళ్ల వేళల వంటి తరచూ అడిగే వివరాలను తన దగ్గరే ఉంచుకొని జవాబివ్వాలి. అసలైన కేటాయింపు కోరికలను మాత్రమే క్రమపద్ధతిలో లోపలికి పంపాలి. ఐఆర్‌సిటిసి 2014 ఏప్రిల్‌లో కొత్త తరం వ్యవస్థను ప్రవేశపెట్టి, నిమిషానికి 2,000 టికెట్ల స్థాయి నుంచి 7,200 టికెట్ల స్థాయికి సామర్థ్యాన్ని పెంచింది.

తెలియని స్థితి

అనుసంధానంలో అన్నింటికంటె కఠినమైన సమస్య మరొకటి ఉంది. ఒకే యంత్రంలో పని జరిగినప్పుడు ఫలితం రెండు విధాలు: జరగడం లేదా జరగకపోవడం. దూరంగా ఉన్న రెండు యంత్రాల మధ్య మూడవ స్థితి ఒకటి ఏర్పడుతుంది. అది తెలియకపోవడం. ప్రయాణికుని ఖాతా నుంచి డబ్బు తీసివేయమని కోరిక వెళ్లింది. జవాబు రాకముందే తీగ తెగింది. డబ్బు తీశారా, లేదా? మళ్లీ అడిగితే రెండుసార్లు తీసివేసే ప్రమాదం. అడగకపోతే డబ్బు పోయి టికెట్టు రాని ప్రమాదం.

పరీక్ష రాయడానికి మరునాడు ఊరు వెళ్లవలసిన విద్యార్థికి, ఆసుపత్రికి వెళ్లవలసిన రోగికి ఆ కొద్ది నిమిషాల సందేహం ఎంత వేదన కలిగిస్తుందో ఊహించవచ్చు. ఖాతాలో ఉన్నది ఆ టికెట్టుకు సరిపడా డబ్బే అయితే రెండవసారి ప్రయత్నించే అవకాశం కూడా ఉండదు. సాంకేతిక నిపుణునికి అది ఒక సందేశం జారిపోవడం. ప్రయాణికునికి అది ప్రయాణమే ఆగిపోవడం.

దీనికి నిపుణులు కనుగొన్న ఉపాయాలు సరళమైనవి. ప్రతి కోరికకు ప్రత్యేకమైన సంఖ్య ఇస్తారు. అదే సంఖ్యతో కోరిక రెండవసారి వస్తే బ్యాంకు మళ్లీ డబ్బు తీయదు. మొదటిసారి ఇచ్చిన జవాబునే తిరిగి ఇస్తుంది. అప్పుడు సందేహం కలిగినన్నిసార్లు నిర్భయంగా అడగవచ్చు. రెండవది, సగంలో ఆగిన పనికి వ్యతిరేకమైన పని చేయడం. టికెట్టు కేటాయించలేకపోతే తీసిన డబ్బును తిరిగి జమ చేస్తారు. మూడవది, రోజు ముగిసిన తరువాత ఉభయుల లెక్కలను పక్కపక్కన పెట్టి సరిచూడడం. కిరాణా వర్తకుడు రాత్రి దుకాణం మూసే ముందు చిట్టాను, గల్లాపెట్టెను సరిచూసుకోవడం వంటిదే ఇది.

ఒక కిటికీ నుంచి అనేక సేవలు

తెలుగు రాష్ట్రాల ప్రజలకు పరిచయమైన మరొక ఉదాహరణ 'ఈసేవ'. పూర్వం కరెంటు బిల్లుకు ఒక కార్యాలయం, నీటి బిల్లుకు ఒకటి, ఇంటి పన్నుకు మరొకటి తిరగవలసి వచ్చేది. 1999లో హైదరాబాదు జంటనగరాలలో 'ట్విన్స్' అనే పేరుతో ప్రారంభమైన ప్రయోగం 2001 ఆగస్టులో ఈసేవగా రూపుదిద్దుకొంది. వివిధ శాఖల సేవలు ఒకే కౌంటరు దగ్గర లభించాయి. 2011లో మీసేవ దీనిని ధ్రువీకరణ పత్రాల వంటి మరెన్నో సేవలకు విస్తరించింది. శాఖలు విడివిడిగానే ఉన్నా, పౌరునికి కనిపించే కిటికీ ఒక్కటే అయింది.

2016 ఏప్రిల్‌లో భారత జాతీయ చెల్లింపుల సంస్థ ప్రవేశపెట్టిన యుపిఐ కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుంది. ఒక్కొక్క బ్యాంకు ఖాతాల వ్యవస్థ ఒక్కొక్క రకం. వాటన్నింటినీ ఒకే రకంగా మార్చాలని సంకల్పించి ఉంటే ఆ పని ఎన్నటికి పూర్తయ్యేదో చెప్పలేం. దానికి బదులుగా 'ఈ ఖాతా నుంచి తీయి', 'ఈ ఖాతాలో జమ చేయి' అనే కోరికలు ఏ రూపంలో ఉండాలో నిర్ణయించారు. ఆ రూపాన్ని అంగీకరించిన బ్యాంకులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడగలిగాయి. కూరగాయల బండి మీది చిన్న కాగితపు గుర్తు వెనుక ఇంత ఒడంబడిక ఉంది.

తాటిచెట్టు మీద మొలిచిన మర్రి

పాతదానిని ఎప్పటికీ మార్చకూడదా? మార్చవచ్చు, కాని క్రమంగా మార్చాలి. పల్లెలలో తాటిచెట్టు మీద పక్షులు వదిలిన మర్రివిత్తు మొలకెత్తడం కనిపిస్తుంది. దాని వేళ్లు తాటిమాను వెంట మెల్లగా దిగి నేలను చేరుతాయి. కొన్నేళ్లకు మర్రి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మార్టిన్ ఫౌలర్ అనే సాఫ్ట్‌వేర్ రచయిత 2004లో ఇటువంటి చెట్లతో పోల్చి ఒక పద్ధతిని వివరించాడు. పాత ప్రోగ్రాముకు ముందు సేవల పొరను నిలిపి, ఒక్కొక్క సేవను మాత్రమే కొత్త ప్రోగ్రాముకు మళ్లిస్తారు. కొంతకాలం రెండింటికీ ఒకే కోరికను పంపి జవాబులు సరిపోల్చుతారు. తేడా వస్తే కారణం వెతుకుతారు. చాలాసార్లు ఆ తేడా వెనుక అందరూ మరచిపోయిన పాత నియమం ఒకటి బయటపడుతుంది. నమ్మకం కుదిరిన తరువాతనే పాత భాగానికి విశ్రాంతి ఇస్తారు.

ఈ మార్గంలో భద్రతను విస్మరించరాదు. నాలుగు గోడల మధ్య పనిచేయడానికి నిర్మించిన పాత ప్రోగ్రాము, తనను అడిగేవారందరూ నమ్మదగినవారే అని భావిస్తుంది. బయటి ప్రపంచానికి ద్వారం తెరిచిన తరువాత ఆ నమ్మకం చెల్లదు. అడిగినవారెవరు, వారికి అడిగే హక్కు ఉన్నదా అని విచారించే కాపలా సేవల పొరలోనే ఉండాలి. తూము పెట్టిన రైతు దానికి తలుపు కూడా పెట్టడం మరువడు.

ముగింపు

కొత్తదనం మీద మక్కువ యువతకు సహజం. పాతదానిని చూసి తేలికగా నవ్వడం కూడా సహజమే. అయితే పాత ప్రోగ్రామును చదివే ఇంజనీరుకు ఒక వినయం అవసరం. అర్థంకాని నియమం కనిపించినప్పుడు దానిని కొట్టివేయడానికి ముందు అది ఎవరి కష్టాన్ని తీర్చడానికి పుట్టిందో తెలుసుకోవాలి. అలాగే, పూర్వుల కట్టడమని దానిని తాకకుండా ఉంచితే కింది పొలాలు ఎండిపోతాయి. కట్ట బలాన్ని, పొలం దాహాన్ని రెండింటినీ ఎరిగినవాడే తూము ఎక్కడ పెట్టాలో చెప్పగలడు.

అభ్యాసం

1. వారసత్వ అనువర్తనాలను ఒక్కసారిగా మార్చడం ఎందుకు ప్రమాదకరమో సోదాహరణంగా వివరించండి.
2. సేవా ఒప్పందాన్ని తపాలా కార్యాలయంతో పోల్చి రాయండి.
3. దూరంగా ఉన్న యంత్రాల మధ్య ఏర్పడే 'తెలియని స్థితి' అంటే ఏమిటి? దానికి గల పరిష్కారాలను తెలపండి.
4. 'సత్యం ఒకేచోట ఉండి, ద్వారాలు అనేకం కావడం' అనే మాటను రైల్వే రిజర్వేషన్ ఆధారంగా సమర్థించండి.